రాజశేఖర చరిత్రము: ప్రచ్ఛన్నపాత్రముల యాంతర్యము

కథలో నొక పాత్రము తన పేరును, కులమును, అధికారమును దాఁచి సంచరించునప్పుడు చదువరి మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. ఈతఁ డెవ్వఁడు? అనునది మొదటిది. ఏల దాఁచుచున్నాఁడు? అనునది రెండవది. మొదటి ప్రశ్నకు గ్రంథకర్త కడపట నెట్లును బదులు చెప్పితీఱును. రెండవదానికిఁ దఱచుగాఁ జెప్పఁడు. చెప్పినను ఆ సమాధానము కథకుఁ జాలును గాని చదువరికిఁ జాలదు. కాఁబట్టియే మొదటి ప్రశ్న గ్రంథముతోడనే ముగియఁగా, రెండవది గ్రంథము మూసిన పిదప మొదలగుచున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమునందు ఇట్టి ప్రశ్నకుఁ దావైన పాత్రములు రెండు గలవు. ఒకటి రామరాజను పేర సంచరించిన ప్రభువు. రెండవది పురుషవేషము ధరించిన రుక్మిణి. వీరి గోపనమునకుఁ గారణ మెట్టిది, ఆ కారణము నీతికి నిలుచునదియా, కథకొఱకుఁ గల్పింపఁబడినదియా యనుట యిందు విచారింపఁబడుచున్నది.

గ్రంథచరిత్రమును ముందుగా సంగ్రహముగాఁ దెలిసికొనవలయును. పంతులుగారు 1848వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. ధవళేశ్వరమునఁ గొంతకాల ముపాధ్యాయులుగా నుండి, 1874వ సంవత్సరమున వివేకవర్ధని యను పత్రికను బ్రారంభించిరి. ఈ కథ 1878వ సంవత్సరమున నా పత్రికయందే భాగభాగములుగా వెలువడి, 1880వ సంవత్సరమునఁ బుస్తకరూపమును దాల్చెను. దీనికి వివేకచంద్రిక యనునది నామాంతరము. పంతులుగారు దీనిని వచనప్రబంధమని వ్యవహరించిరి. "నవల" యను పేరు పిమ్మట వచ్చినది. దానిని దెలుఁగునఁ బ్రవేశపెట్టినవారుగా కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ప్రసిద్ధులు. ఈ గ్రంథముపై వివేకచంద్రికావిమర్శనమును వ్రాసినవారును వారే. నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము 1872వ సంవత్సరముననే వెలువడియుండుటచేఁ బ్రథమస్థానమును గుఱించి వివాదము గలదు గాని, ఆ వివాద మిచ్చట నప్రస్తుతము. తెలుఁగు చదువరులు నెలల తరబడి యొక కథ మలుపుకొఱకుఁ బత్రికను నిరీక్షించుట కలవాటుపడిన తొలిదినములలో నీ గ్రంథము పుట్టెననుటయే ప్రస్తుతమునకు ముఖ్యము.

కథ ధవళేశ్వరమున మొదలగుచున్నది. నేఁడు ధవళేశ్వరమనఁగానే 1852వ సంవత్సరమునఁ బూర్తియైన యానకట్ట స్మరణకు వచ్చును. గ్రంథమునందలి ధవళేశ్వర మంతకుఁ బూర్వపుది. పెద్దాపుర సంస్థానప్రభువులు పాలకులుగా నున్ననాఁటిది. అచ్చట రాజశేఖరుఁడను సంపన్నుఁడైన బ్రాహ్మణుఁడు గలఁడు. అతని భార్య మాణిక్యాంబ, రుక్మిణి, సీత యనువారు కూఁతుండ్రు, సుబ్రహ్మణ్యము కొడుకు. రాజశేఖరుఁడు దాత, ఋజుస్వభావుఁడు. అయినను ముఖస్తుతికి లోఁబడువాఁడు. ఇచ్చకములాడువా రాతని యింటఁ దిని, యాతనిఁ గొనియాడి, యాతని ధనముచే బ్రతుకుచుందురు. బంగారము చేయుదునని వచ్చిన బైరాగి యొకఁ డింటఁగల సొమ్మెల్ల నపహరించి పోవును. రుక్మిణి మగఁడు నృసింహస్వామి దేశాంతరమునఁ జనిపోయెనని వార్త వచ్చును. లేమి వచ్చినంతనే స్నేహితులు తొలఁగుదురు. కుటుంబము కాశీయాత్రయను పేరున నిల్లు విడిచి బయలుదేఱును. రాజమహేంద్రవరము దాఁటినపిదప, ఎండదెబ్బ తగిలి త్రోవలోఁ బడియున్న యొక పురుషునకు వీరు శుశ్రూష చేసి ప్రాణము నిలుపుదురు. అతఁడే రామరాజు. తరువాత దొంగలు వీరిపైఁ బడఁగా రుక్మిణి దెబ్బతిని చచ్చినట్లు పడిపోవును. తలిదండ్రు లామె మృతినొందెనని తలంతురు. పిమ్మటఁ బలుకుబడిగల శోభనాద్రిరాజు దౌష్ట్యముచే రాజశేఖరుఁడు చెఱసాల పాలగును. కడపట రామరాజు పెద్దాపుర ప్రభువైన కృష్ణజగపతి మహారాజేయని తేలును, రాజశేఖరుఁడు విడుదలనొందును, రుక్మిణి బ్రతికి వచ్చును, ఆమె మగఁడును సజీవుఁడై తిరిగి వచ్చును.

ఈ కథయందుఁ బఠితకుఁ గలుగు నుత్కంఠ యంతయు దాఁపఱికముమీఁద నిలిచియున్నది. చనిపోయినవారు చనిపోలేదు, పేదవాఁడు పేదవాఁడు కాఁడు, యోగి యోగి కాఁడు. ఒక్కసారిగాఁ బుస్తకమును జదువువాఁడు రాత్రికి రాత్రియే యీ రహస్యములను దెలిసికొనఁగలఁడు. పత్రికలో భాగభాగములుగాఁ జదివినవాని కట్లు కాదు. భాగమునకు భాగమునకు నడుమఁ గాలవిలంబము గలదు. ఆ విలంబమున నూహ పెరుగును. ఊహ పెరిగినకొలఁది పాత్రము యొక్క హృదయము విచారణకు వచ్చును. ఖండశః ప్రకటితమగు కథకు సహజమైన ఫలమిది. ఈ ఫలమునకుఁ గల మూలమును గనుఁగొనవలెనన్న ఆంగ్లగ్రంథ మొకదానిఁ జూడవలసియున్నది.

గోల్డుస్మిత్తు రచించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు 1766వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడినది. పంతులుగారు తొలుత దానిని దెనిఁగింపఁ బూని, పిదప నా ప్రయత్నమును మాని, దాని ఛాయలను గొన్నిటి నుంచుకొని స్వతంత్రముగా నీ కథను రచించిరి. ఆంగ్లకథయందు ప్రిమ్‌రోజను మతగురువు కుటుంబముతో బర్చెలను పేదవాఁడు పరిచయము చేసికొనును. అతఁ డేటిలోఁ గొట్టుకొనిపోవుచున్న సోఫియా యను కన్యను రక్షించును. ఇంటివా రాతని నాదరింతురు, పరిహసింతురు, తుదకొక జాబు నపార్థము చేసికొని నిందించి పంపివేయుదురు. అతని యన్నకొడుకే యా కుటుంబమునకు సర్వదుఃఖములును దెచ్చిపెట్టిన దుష్టుఁడు. చెఱసాలలోని ఘట్టమున బర్చెలు తానే సర్ విలియమ్ థారన్‌హిల్ ననెడి శ్రీమంతుఁడనని వెల్లడించుకొని న్యాయము చేకూర్చి సోఫియాను బెండ్లాడును.

ఈ బర్చెలు పాత్రమును గుఱించి యూరపుఖండపుఁ జదువరులు చేసిన చర్చలలో నొకటి మిగుల నుపదేశకరము. జర్మను మహాకవి గేటే, స్ట్రాస్‌బర్గునఁ జదువుకొను దినములలో, హెర్డరను విమర్శకుఁ డీ కథను జర్మను భాషాంతరమునఁ జదివి వినిపింపఁగా మిత్రులతోఁ గూడ వినెను. ఆ వృత్తాంతమును దన స్వీయచరిత్రముయొక్క పదవ ప్రకరణమున వ్రాసినాఁడు. బర్చెలు సర్ విలియముయొక్క పూర్వచరిత్రమును బరునికథగాఁ జెప్పుచు, మాటల వేగమున నొక్కచోటఁ బ్రథమపురుషమును విడిచి యుత్తమపురుషమునకు జాఱును. అనఁగా "అతఁడు" అనవలసినచోట "నేను" అనును. హెర్డ రా జాఱుటను దొలుతనే పట్టుకొనెను. మిత్రులు పట్టలేదని మందలించెను. శ్రోతలు కథారసమున లీనులై యుండుట నాతఁడు దోషముగా నెంచెను. గేటేకు నా లీనతయే సహజమని తోఁచెను. రహస్యమును ముందుగాఁ గనిపెట్టువాఁడు చదువరియా, రహస్యముచే మోసపోవఁ దగినవాఁడు చదువరియా యను వివాద మిచ్చటఁ గలదు. ఇంకొక వైపున మెకాలే 1856వ సంవత్సరమున గోల్డుస్మిత్తును గుఱించి వ్రాసిన వ్యాసమున నా గ్రంథముయొక్క కథాకల్పనము మిక్కిలి దుర్బలమైనదని తీర్పు చెప్పెను. అంత శక్తిగలవాఁడు దగ్గఱనే యుండఁగా నిన్నిదుఃఖములు జరుగుట యసంభావ్యమని చదువరులలోఁ బెక్కండ్ర కాక్షేపము గలదు.

పంతులుగా రీ పాత్రమును దెలుఁగునకుఁ దెచ్చునప్పుడు మూఁడు మార్పులు చేసిరి. ఆ మార్పులను బరిశీలించినచో రామరాజుయొక్క యాంతర్యము స్పష్టపడును.

మొదటిది, ఉపకారక్రమము తలక్రిందులైనది. ఆంగ్లకథయందుఁ బ్రచ్ఛన్నుఁడు కుటుంబమునకు మొదట నుపకారము చేసెను; తెలుఁగుకథయందుఁ గుటుంబమే ప్రచ్ఛన్నునకు మొదట నుపకారము చేసినది. ఎండలోఁ బడియున్నవానికి నీరిచ్చినవా రాతఁడు రాజని యెఱుఁగరు. ఎఱిఁగియుండినచో నా నీరు కానుకయై యుండెడిది. ఎఱుఁగకపోవుటచేతనే యది ధర్మమైనది. కాఁబట్టి రామరాజుయొక్క గోపనము వారి గుణమునకు నికషమైనది.

రెండవది, శృంగారహేతువు తొలఁగిపోయినది. బర్చెలు తన సంపదను దాఁచుటకుఁ గారణమును దానే తెలుపును: ధనమును జూడక గుణమును మాత్రము చూచి వరించు స్త్రీ కావలెనని యాతని కోరిక. రామరాజు క్షత్రియుఁడు, రాజశేఖరుఁడు బ్రాహ్మణుఁడు. నాఁటి యాచారమును బట్టి వివాహప్రసక్తి లేదు. కాఁబట్టి బర్చెలునకుఁ గల ప్రధానకారణము రామరాజునకు లేకపోయినది. ఆ స్థానమున వేఱొక కారణము నిలుపక తప్పదు. తెలుఁగుదేశపుఁ జదువరి కట్టి కారణ మపరిచితము కాదు. రాజు చారచక్షువని నీతిశాస్త్రము. మాఱువేషమున రాత్రివేళ నగరశోధన చేయు రాజుల కథలు విక్రమార్కునినుండి నేఁటి వఱకును బిల్లలు సైతము చెప్పుకొనునవి. అందుచేత నీ గోపనము ప్రేమపరీక్ష కాక ప్రజాపరీక్ష యైనది.

మూఁడవది, మిగుల సూక్ష్మమైనది. సర్ విలియము యౌవనమున మితిమీఱిన దాతయై, ముఖస్తుతిపాఠకులచేఁ జుట్టఁబడి, ధనమును బోఁగొట్టుకొని, ఆ యనుభవమువలన బుద్ధి తెచ్చుకొన్నవాఁడు. తెలుఁగుకథయం దా లక్షణము ప్రచ్ఛన్నపాత్రమునుండి తీయఁబడి కథానాయకుఁడైన రాజశేఖరున కీయఁబడినది. ప్రిమ్‌రోజు సొమ్ము వర్తకుని దివాలాచేఁ బోయినది. రాజశేఖరుని సొమ్ము ఇచ్చకములచేతను బైరాగిచేతను బోయినది. అనఁగా పంతులుగా రొకేపాత్రమునందుఁ గాలభేదముచే నుండిన రెండవస్థలను రెండు పాత్రములుగా విడఁదీసిరి. మోసపోవువాఁడు రాజశేఖరుఁడు, లోకమెఱిఁగి సంచరించువాఁడు రామరాజు. వీ రిరువురు త్రోవలోఁ గలిసికొనుట కేవల యాదృచ్ఛికము కాదు. అవివేకము వివేకమును గలిసికొనుటయే యది. వివేకచంద్రిక యను నామాంతరమున కిట్టి తాత్పర్యమును జెప్పవచ్చును.

ఇఁక నాక్షేపసమాధానములు. రామరాజు గోపనమునుగూర్చి మూఁడువిధములైన పక్షములు నిలుపవచ్చును.

ప్రథమపక్షము: రామరాజు రాజధర్మమును నెఱవేర్చుటకే దాఁగియున్నాఁడు. సభలోఁ గూర్చున్న రాజునకు సభాసదుల మాటలే వినఁబడును. సభాసదులు తమకు మేలగుదానినే చెప్పుదురు. ప్రజల కష్టము వినఁగోరు రాజు సభను విడిచి త్రోవ పట్టవలయును. ఈ పక్షము గ్రంథకర్తృసమ్మతమైనదనుటకు సందేహము లేదు.

ద్వితీయపక్షము: ఈ గోపనము కథకొఱకే గాని పాత్రముకొఱకు గాదు. రామరాజు తాను రాజునని ముందే తెలిపినచో గ్రంథము సగములోనే ముగియును. రాజశేఖరుని చెఱ, కుటుంబము చెదరుట, పునస్సమాగమము మొదలగునవి యన్నియు నా మౌనము మీఁద నాధారపడియున్నవి. కాఁబట్టి యది కవియొక్క యవసరము. ఈ యాక్షేపమున కాలంకారికులే సమాధానము చెప్పియున్నారు. నిర్వహణసంధియం దద్భుతరసము నిలుపవలయునని దశరూపకాదులు విధించుచున్నవి. అద్భుత మజ్ఞానపూర్వకము, దాఁపఱికము లేనిదే యద్భుతము లేదు. గ్రీకుదేశపు టాలంకారికుఁడైన యరిస్టాటిలును బ్రత్యభిజ్ఞానమును, భాగ్యవిపర్యయమును నొక్కసారిగా సంభవించుట యుత్తమకథాలక్షణమని చెప్పినాఁడు. కాని శాస్త్రము కవికిఁ జేయు విధి యిది. పాత్రమునకుఁ జేయునది కాదు. కవికి గోపన మవసరమగుటవలనఁ బాత్రమున కది యుచిత మని సిద్ధింపదు. రెండును వేఱువేఱుగా సాధింపవలసినవి.

తృతీయపక్షము: రామరాజునకు గోపనాధికారము కలదు గాని యది నిరవధికము గాదు. ఒక నిర్దోషి చెఱసాలలోఁ బడునంతటి యన్యాయము తన రాజ్యమున జరుగుచుండఁగాఁ బ్రభువు వేషమును విడువక యుండుట కెంతవఱకుఁ జెల్లును? ఈ ప్రశ్నయే బలవత్తరమైనది. దీనికిఁ దెలుఁగువారి యిండ్లలోనే, మహాభారతముననే, ప్రత్యుదాహరణము గలదు.

విరాటపర్వమునఁ బాండవులు వేషధారులై యున్నారు. వారి గోపనమునకు హేతువు స్పష్టము: సమయభంగమైనచో మరల వనవాసము. నిండుసభలోఁ గీచకుఁడు ద్రౌపదిని దన్నినప్పుడు కంకుభట్టు రూపున నున్న ధర్మరాజు చలింపలేదు. వలలుఁడు చలించెను, అయినను ధర్మరాజు వారించెను. తుదకు భీముఁడు గోపనమును జెఱుపకయే రాత్రివేళఁ గీచకుని వధించెను. తిక్కన యీ ఘట్టమును నడపిన తీరునఁ బఠితకు ధర్మరాజుపై నొక క్షణము కోపము రాకమానదు. ఆ కోపము రావలయుననియే కవి యాశయము. గోపనము వ్రతమే కావచ్చును. కాని దాని మూల్యము నింకొకరు చెల్లించుచున్నారని కవి చూపుచున్నాఁడు.

రాజమహేంద్రవరముననే రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టారకుఁ డాంధ్రీకరించిన భాగముననే మఱియొక ప్రచ్ఛన్నుఁడు గలఁడు. నలోపాఖ్యానమున బాహుకుఁడై ఋతుపర్ణునికడ సారథ్యము చేయు నలుని గోపనమునకుఁ గారణము సమయము గాదు, రాజధర్మము గాదు. కర్కోటకుని కాటుచే రూపము మాఱినది నిజమే. అయినను నోరు మూఁతపడలేదు. భార్యను నడవిలో విడిచిపోయినవాఁడు తాను నలుఁడనని చెప్పుకొనలేకపోయెను. సిగ్గే యచ్చటి హేతువు. దమయంతి తన బుద్ధిబలముచే రహస్యమును విప్పినదే కాని, యతఁడు తనంత విప్పుకొనలేదు.

ఈ మూఁటిని బోల్చి చూచినచో గోపనహేతువులు మూఁడని తేలుచున్నవి: ప్రతిజ్ఞ, లజ్జ, పరీక్ష. ప్రతిజ్ఞచే దాఁగినవానికి వెలువడుటకు గడువు గలదు. లజ్జచే దాఁగినవానిని వెలికిఁ దెచ్చుట కింకొకరి ప్రేమ కావలయును. పరీక్షచే దాఁగినవానికి గడువును లేదు, బలవంతమును లేదు. అతఁడు కోరినప్పుడు వెలువడవచ్చును. కాఁబట్టి యాతని యాలస్యమే యాతని దోషముగా నెన్నఁబడును. రామరాజు మూఁడవ తెగకుఁ జేరినవాఁ డగుటచేతనే చదువరి యాతని నెక్కువగాఁ బ్రశ్నించుచున్నాఁడు.

రుక్మిణి గోపనము దీనికి భిన్నమైనది. తనవారు చనిపోయినదని విడిచిన యాఁడుది, ఒంటరిగా, గాయముతో, తెలియని దేశమున నున్నప్పుడు, పురుషవేషము తప్ప వేఱొక రక్ష లేదు. ఆమె యెవ్వరిని బరీక్షించుటకును దాఁగలేదు. ప్రాణమానములఁ గాపాడుకొనుటకే దాఁగినది. రాజు తన యధికారమును దాఁచినాఁడు. ఈమె తన నిస్సహాయతను దాఁచినది. ఇరువురి వేషము లొక్క గ్రంథమున నెదురెదురుగా నిలుచుటచే నొక సత్యము బోధపడుచున్నది. బలవంతుఁడు వేషము వేసికొనిన వినయ మనఁబడును. బలహీన వేషము వేసికొనిన నది విధిలేని పని. రాజు మాఱువేషమున నిర్భయుఁడై నడచు త్రోవయందే, స్వరూపమున స్త్రీ నడవలేకున్నది. రాజు కనుఁగొనవలసిన ప్రజాకష్టములలో నిదియే మొదటిది.

రుక్మిణినిగూర్చి యింకొక చర్చయుఁ గలదు. మగఁడు చనిపోయెనన్న వార్తచే నామె వైధవ్యదుఃఖము ననుభవించినది. తుద కా మగఁడు బ్రతికి వచ్చుటతో నా దుఃఖము తీఱినది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమునఁ బ్రథమవితంతువివాహమును జరిపించిన పంతులుగారు, అంతకు మూఁడేండ్లు ముందు వ్రాసిన కథయం దా మార్గమును బట్టక మగనిఁ దిరిగి రప్పించిరేమి యని యడుగవచ్చును. దీనికిఁ గాలమే సమాధానము. 1878వ సంవత్సరమునఁ జదువరుల మనస్సులను సిద్ధపఱుచుటయే సాధ్యమైన పని. వైధవ్యమనునది యొక వార్తచే వచ్చి యొక వార్తచేఁ బోవునదిగాఁ జూపుటయే యొక యుపాయము. ఏ స్త్రీ నిన్నటివఱకు నమంగళయో, ఆమెయే నేఁడు మంగళప్రదయైనది. ఆమె గుణమున మార్పేమియు లేదు. అట్లయిన నా యమంగళత యెక్కడ నుండెను? ఈ ప్రశ్నను గ్రంథము పైకి ననదు. చదువరి తానే యడిగికొనవలసియున్నది.

ఇంకను నొక వేషధారి మిగిలియున్నాఁడు. అతఁడు బైరాగి. కాషాయమును, భస్మమును ధరించి బంగారము చేయుదుననెడి వాని వేషమును రాజశేఖరుఁడు నమ్మెను. స్నేహితులమని వచ్చిన యిచ్చకములవారు సైత మొకవిధమైన వేషధారులే. వీరి గోపనమున కర్థలోభమే కారణము గాన నిచ్చట వివాదము లేదు. కాని యీ పాత్రములు లేనిచో రామరాజు పాత్రము బోధపడదు. గ్రంథము పూర్వార్ధమున వేషములన్నియు మంచిని బైకిఁ జూపి చెడును దాఁచినవి. ఉత్తరార్ధమున వేషములు హీనతను బైకిఁ జూపి మంచిని దాఁచినవి. కాషాయమును జూచి మోసపోయినవాఁడు దుమ్ముగొట్టిన బాటసారిని జూచి మోసపోలేదు; ఏలయన నచ్చట నాతఁడు ఫలము నాశింపలేదు. ఆశయున్నచోట నాతఁడు గ్రుడ్డివాఁడు, దయయున్నచోట జ్ఞాని. గ్రంథమునందలి ప్రధానోపదేశ మిదియే యని చెప్పవచ్చును. దీనిని జూపుటకే పంతులుగారు బర్చెలును రామరాజుగా మార్చిరి.

అయినను విచారణ యిచ్చట ముగియలేదు. రాజశేఖరుఁ డుపకారము చేసిన బాటసారి నిజముగా బాటసారియే యైనచో నేమగును? ఉపకారము ధర్మముగానే యుండును. కాని చెఱసాల తలుపు తెఱవఁబడదు. రాజశేఖరునకుఁ గలిగిన న్యాయము న్యాయస్థానము నుండి రాలేదు, పరిచయమువలన వచ్చినది. అతనితోఁగూడ నా చెఱసాలలో నిర్దోషులు మఱికొందఱున్నచో వారికి రామరాజు లేఁడు. ఇది గ్రంథకర్తకుఁ దెలియని లోపము గాదు. ప్రభువు మాఱువేషమునఁ దిరుగవలసివచ్చినదనుటయే యా రాజ్యమున సత్యము సింహాసనమునకుఁ జేరు త్రోవ మూసికొనిపోయినదనుటకు సాక్ష్యము. వేషము రాజుయొక్క గుణమునకు భూషణమైనను రాజ్యమునకు దూషణమే. సర్ విలియము విషయమునను నింతే: తన యాస్తిని దుష్టుఁడైన యన్నకొడుకు చేతఁ బెట్టి, పిదప మాఱుపేరున వానిఁ గనిపెట్టుచుండుట యుదారత యనఁబడదు, చేసిన తప్పునకుఁ బరిహార మనఁబడును.

ఇంక నీ కథ వెలువడిన తావును మరల స్మరింపవలయును. వివేకవర్ధని కేవలము కథలపత్రిక గాదు. గోదావరీ మండలమున నుద్యోగులు చేయు నక్రమములను, న్యాయస్థానములలోని లంచగొండితనమును బయలుపఱుచుట యా పత్రిక పెట్టుకొన్న పనులలో నొకటి. ఒక పుటయందు రామరాజు మాఱువేషమునఁ బ్రజల కష్టములను గనుఁగొనుచుండఁగా, మఱియొక పుటయందుఁ బత్రిక యా పనినే బహిరంగముగాఁ జేయుచుండెను. కథలోని రాజు దాఁగి తెలిసికొనెను. పత్రిక వెల్లడించి తెలిపెను. రాజు తనకుఁ బరిచితుఁడైన యొక్కనిని రక్షించెను. పత్రిక యెవ్వరిని బేరుపెట్టి యెఱుఁగకయే యందఱికొఱకు వ్రాసెను. నాఁటి చదువరి యీ రెండుపుటలను నొక్కచోటఁ జదివెను. పుస్తకరూపమునఁ జదువు నేఁటివారి కా రెండవ పుట లేదు. కాఁబట్టియే రామరాజు గోపనము నేఁటివారికిఁ గేవలము కథాయుక్తిగాఁ దోఁచుచున్నది.

1887వ సంవత్సరమున హచ్చిన్‌సన్ అను పాదరి యీ గ్రంథమును ఫార్చ్యూన్స్ వీల్ అను పేర నాంగ్లీకరించి లండనునఁ బ్రకటించెను. ఆంగ్లకథయొక్క ఛాయ గోదావరీతీరమున రూపుమాఱి మరల నాంగ్లదేశమునకుఁ జేరినది. ఆ యనువాదమునకుఁ బెట్టిన పేరు భాగ్యచక్రము నుద్దేశించినది. పంతులుగారు పెట్టిన నామాంతరము వివేకచంద్రిక. ఈ రెండు పేరులలోఁ గల భేదమే రామరాజును గుఱించిన వివాదమునకు సారము. భాగ్యచక్రమని చదివినవానికి రామరాజు త్రోవలో దొరకిన యదృష్టము. వివేకచంద్రికయని చదివినవానికి, వేషమును జూడక మనుష్యునిఁ జూడుమని బోధించు పాఠము.

కావున సిద్ధాంత మిది. రామరాజుయొక్క గోపనము ప్రజాపరీక్షార్థమైనది. ఆ హేతువు ధర్మ్యమే. కాని యది రాజ్యలోపమునకుఁ జికిత్స కాదు, లోపమునకు సూచకము మాత్రమే. రుక్మిణి గోపనము ప్రాణరక్షణార్థమైనది. దానికి సమర్థనము వెదకవలసిన పనియే లేదు, దాని నవసరపఱిచిన లోకమే సమర్థించుకొనవలసియున్నది. పాఠశాలలయం దీ గ్రంథమును బోధించువారు, రామరాజెవ్వఁడని విద్యార్థుల నడుగుటతోఁ దృప్తినొందక, అతఁడు రాజు కాకయున్నచో రాజశేఖరుని గతి యేమని కూడ నడుగుదురుగాక. ఆ రెండవ ప్రశ్నకు బాలురు చెప్పు నుత్తరమునుబట్టి వారు కథను జదివిరో, గ్రంథమును జదివిరో తెలియఁగలదు.